చేదు తగలని మందు

ఆ పెళ్ళిళ్ళ సీజనులో మా ఇంట్లో అమ్మ ఊపిరిని గ్రాముల్లో తూచాం. తూచింది నాన్న. పక్కన నిలబడి అంకె రాసింది నేను. ఇంకొకరి ఇంట్లో జరిగిందని వింటే నేనూ నవ్వి ఊరుకునేదాన్నే. మా ఇంట్లో మాత్రం అది వింతగా అనిపించలేదు. ఏ వస్తువైనా త్రాసెక్కి దిగాకే మా ఇంట్లో దాని మాట చెల్లుబాటయ్యేది.

నాన్నది బంగారప్పని. వీధిలో అందరూ ఆయన్ని ధర్మకాటా అనేవాళ్ళు. మొదట ఎవరో వెటకారానికి అని ఉంటారు, పోనుపోను అది గౌరవమై కూర్చుంది. పెద్ద దుకాణంలో గొలుసు కొన్నవాళ్ళు కూడా ఇంటికి వెళ్ళేముందు మా గుమ్మం ఎక్కి, ఒక్కసారి మీ త్రాసులో చూసిపెట్టండి అని అడిగేవాళ్ళు. నాన్న చెప్పిన అంకె విని దుకాణానికి తిరిగి వెళ్ళి పోట్లాడినవాళ్ళూ ఉన్నారు. దుకాణం వాళ్ళు నోరెత్తేవాళ్ళు కాదు. కరెంటు త్రాసులు వచ్చి ఎన్నేళ్ళయినా నాన్న వాటిని ఇంట్లోకి రానివ్వలేదు. అవి ఎర్ర అంకెలు చూపించి మనిషిని నోరు మూయిస్తాయనీ, ఇత్తడి త్రాసయితే మన కళ్ళముందే ఆలోచించి చెబుతుందనీ ఆయన వాదన.

ఆ త్రాసు గాజుపెట్టెలో ఉండేది. తలుపు తెరిస్తే చాలు, దాని ముల్లు వణికేది. అందుకని పనిగది కిటికీలు ఎప్పుడూ మూసే ఉంచేవాళ్ళం. ఫ్యాను పెళ్ళినాటిది, రెక్కలకి బూజు పట్టిందే తప్ప తిరిగింది లేదు. ఆకురాయితో రాసినప్పుడు రాలే పొడి ఎగిరిపోతుందని ఒక భయం, తూకం చెడుతుందని ఒక భయం. ఆ మూసిన గదిలోనే కుంపటి, గ్యాసుమంట, నగల అతుకు కోసం కాల్చే వెలిగారం, నగలకి పట్టిన నలుపు పోవడానికి వాటిని పలచటి ఆమ్లంలో మరిగించే మూకుడు. ఆ మూకుడు ముందు ఇరవై ఎనిమిదేళ్ళుగా కూర్చుంటున్నది అమ్మ. నాన్నకీ నాకూ పని బల్ల మీద. అమ్మకి పొగ ఎటు వెళ్తే అటు.

సీజను మొదలయ్యే వారం, మేడమీద బట్టలు తేవడానికి వెళ్ళి అమ్మ సగం మెట్ల మీద కూర్చుండిపోయింది. నేను వెళ్ళి చూస్తే రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి, భుజాలు పైకెత్తి, నోటితో గాలి లాగుతోంది. ఎన్నాళ్ళ నుంచి ఇలా అంటే, మొన్నటి నుంచే అంది. ఆ మొన్న రెండేళ్ళదని తర్వాత బయటపడింది.

డాక్టరమ్మ ఛాతీ ఎక్స్‌రేని వెలుతురుకి పట్టి చూసి, సిగరెట్లు తాగుతారా అని అడిగింది. అమ్మ నా వంక చూసి, "నేను తాగనండీ, మా ఇల్లు తాగుతుంది" అంది. డాక్టరమ్మ నవ్వలేదు. కొంత ఆస్తమా ఉందనీ, ఏళ్ళ తరబడి పొగ పీల్చి ఊపిరితిత్తులు పాడైన జబ్బు దానికి తోడైందనీ చెప్పింది. పోయింది తిరిగి రాదు, మిగిలింది కాపాడుకోవాలి అంది. ఇన్‌హేలర్ తీసి ఎలా వాడాలో చేసి చూపించింది. బాగా ఊపాలి, లోపలి గాలంతా వదిలెయ్యాలి, పైన నొక్కుతూ మెల్లగా లాగాలి, పది అంకెలు అయ్యేదాకా బిగబట్టాలి. రోజుకి నాలుగుసార్లు, రెండేసి నొక్కులు. బాగున్నా సరే మానకూడదు. ఒక డబ్బీలో రెండు వందల నొక్కులు ఉంటాయి, లెక్క రాసుకుని, రెండు వందలు కాగానే కొత్తది మొదలుపెట్టమంది. కాస్త చేదు తగులుతుంది, కంగారు పడొద్దు అని కూడా చెప్పింది.

అమ్మ అక్కడే మొదటిసారి పీల్చింది. మొహం చిట్లించి, "నాలిక వెనక ఎక్కడో చేదు" అంది. ఇంటికి వచ్చాక ఎవరూ చెప్పకుండానే మెట్లెక్కి, ఆగకుండా మేడమీదకి వెళ్ళి, ఆరిన బట్టలన్నీ భుజాన వేసుకుని దిగింది. ఆ బట్టలు మంచం మీద పడేసి కాసేపు అలాగే నిలబడింది.

"ఇన్నాళ్ళూ నాకు వయసు మీద పడిందనుకున్నానే" అంది నాతో.

వంటింటి తలుపు వెనక అమ్మ బొగ్గుముక్కతో చుక్కలు పెట్టడం మొదలుపెట్టింది. ఒక నొక్కుకి ఒక చుక్క. పది చుక్కలు ఒక వరుస. నాన్న ఆ చుక్కలు చూసి, ఈ ముగ్గు ఏ పండక్కే అని రోజూ ఏడిపించేవారు. కానీ మధ్యాహ్నం ఒంటిగంటకి ఠంచనుగా పనిగదిలోంచి కేకేసి, మందు పీల్చావా అని అడిగిందీ ఆయనే. మందు వేళ మరిచిపోతే కోప్పడేవారు. ఆయనకి అమ్మంటే ప్రేమ లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ప్రేమ ఉండబట్టే తూచారు.

ఇరవై అయిదు రోజులకి చుక్కలు రెండు వందలు అయ్యాయి. మందు అయిపోయింది, కొత్తది తేవాలి అని అమ్మ చెప్పింది. నాన్న వెళ్ళి తెచ్చారు. తెచ్చాక పాతదాన్ని చేతిలోకి తీసుకుని చెవి దగ్గర ఊపి చూశారు. లోపల ఏదో కదిలింది. నొక్కి చూశారు, బుస్సుమంది. తూకంలో దొంగ దొరికినప్పుడు ఆయన మొహంలో ఒక వెలుగు వచ్చేది. అది వచ్చింది.

"అయిపోయిందంటావేమిటే, లోపల సరుకుంది" అన్నారు.

"డాక్టరమ్మ రెండొందలే అందండీ."

"డాక్టరమ్మ తూచిందా?"

ఆమె తూచలేదు, నిజమే. నాన్న ప్లాస్టిక్ తొడుగులోంచి రేకు డబ్బీని బయటికి లాగి త్రాసులో పెట్టారు. పదమూడు గ్రాములు. దాన్ని మళ్ళీ తొడుగులో పెట్టి నా చేతికిచ్చి, చప్పుడు ఆగేదాకా నొక్కమన్నారు, ఎన్ని వస్తాయో లెక్క పెట్టమన్నారు. నేను పెరటి గుమ్మంలో నిలబడి గాల్లోకి నొక్కాను. ఇరవై అయిదు వచ్చాయి. ఆ తర్వాత ఎంత నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. ఖాళీ డబ్బీ పదకొండు గ్రాములు తూగింది. కొత్త డబ్బీ ఇరవై తొమ్మిది. నాన్న కాగితం ముట్టుకోకుండానే తేల్చేశారు. నొక్కుకి ఎనభై మిల్లీగ్రాములు, డబ్బీకి రెండు వందల పాతిక నొక్కులు. అట్ట మీద అచ్చువేసిన అంకె తప్పు.

త్రాసు పక్కన గోడ మీద సుద్దముక్కతో ఆ అంకెలు రాసింది నేనే. నిండుది ఇరవై తొమ్మిది, ఖాళీది పదకొండు. చక్కటి దస్తూరీ నాది. ఆ ఇరవై అయిదు నొక్కుల్లో ఒక్కటంటే ఒక్కటి నా నోట్లోకి కొట్టుకుని ఉంటే మా ఇల్లు ఇప్పటికీ మా ఇల్లుగానే ఉండేది. కానీ మాకు వస్తువుని తూచడం వచ్చు, రుచి చూడడం రాదు.

ఆ తర్వాత వారం రోజులు నాన్నని పట్టుకోలేకపోయాం. నగలకి వచ్చినవాళ్ళందరికీ ఈ కథే. మందుల కంపెనీ వాడికే తెలియదండీ వాడి డబ్బీలో ఎంతుందో, పాతిక నొక్కులు జనం ఊరికే చెత్తలో పారేస్తున్నారు, ఎవడూ తూచడే. వచ్చినవాళ్ళు ఆశ్చర్యపోయేవాళ్ళు, నాన్న మీద వాళ్ళ నమ్మకం ఇంకాస్త పెరిగేది. ఒకావిడ అయితే తన కొడుకు ఇన్‌హేలర్ తెచ్చి తూచమంది కూడా. ఆ పిల్లాడు ఏమయ్యాడో నేను కనుక్కోలేదు. కనుక్కునే ధైర్యం ఇప్పటికీ లేదు.

అమ్మతో నాన్న మంచిమాటే చెప్పారు. "ఇక మందు అయిపోతుందన్న బెంగ నీకు లేదు. వారం ముందే నాకు తెలిసిపోతుంది. ఇంకోటి తెచ్చి ఎప్పుడూ దగ్గర ఉంచుతాను." అన్నమాట నిలబెట్టుకున్నారు. మూడో డబ్బీ ముందే తెచ్చారు. తెచ్చి, అట్టపెట్టెతో సహా తూచి, ఇనప్పెట్టెలో బంగారం పక్కన పెట్టారు. మా ఇంట్లో విలువైనదేదైనా చేరేది అక్కడికే. అక్కడి పద్ధతి కూడా ఒకటే. చేతిలో ఉన్నది పూర్తయి, తూకం సరిపోయాకే ఇంకొకటి బయటికి వస్తుంది. తీగ చుట్ట అయినా అంతే, మందు డబ్బీ అయినా అంతే.

ఆ సీజనులో పని రద్దీ ఎక్కువై, మాటిమాటికీ లేవలేక నాన్న ఇనప్పెట్టె రెండో తాళంచెవి నాకిచ్చారు. అంతకుముందు ఆ చెవిని నేను ముట్టుకున్నది కూడా లేదు. దాన్ని తాడుకి గుచ్చి నడుముకి కట్టుకున్నాను. మా చేతుల మీదుగా ఎన్ని వడ్డాణాలు వెళ్ళాయో, వాటిలో ఏదీ నాకు అంత బాగా అమరలేదు.

నెల తిరిగేసరికి మూడు పెళ్ళిళ్ళ నగలు ఒకేసారి మీదపడ్డాయి. పొద్దున్న ఏడింటికి వెలిగించిన కుంపటి సాయంత్రం దాకా ఆరేది కాదు. మూకుడు మరుగుతూనే ఉండేది. అమ్మ ముక్కుకి గుడ్డ కట్టుకుని దాని ముందు కూర్చునేది. ఆ పని నేను చేయొచ్చు. కానీ నేను రాళ్ళు పొదుగుతున్నాను, అది నేర్పు గల పని, మూకుడు దగ్గర కూర్చోవడానికి నేర్పు అక్కర్లేదు. ఇలా అని ఎవరూ అనలేదు. అందరం అలాగే అనుకున్నాం.

రెండో డబ్బీకి రెండు వందల చుక్కలు పూర్తయిన పొద్దున్న అమ్మ పనిగది గుమ్మంలోకి వచ్చింది.

"ఏమండీ, మందులో చేదు తగలట్లేదు" అంది.

"చేదెందుకే నీకు, మందు పడితే చాలదా" అన్నారు నాన్న తలెత్తకుండా.

అమ్మ కదల్లేదు. చేదు లేకపోతే ఊపిరి కూడా తేలికపడడం లేదని చెప్పింది. చుక్కలు రెండు వందలయ్యాయని చెప్పింది. నాన్న పని ఆపి, డబ్బీ తీసి, ఓపిగ్గా తూచారు. అమ్మని దగ్గరికి పిలిచి ముల్లు చూపించారు. పదమూడు గ్రాములు. అంటే రెండు గ్రాములు ఉంది, పాతిక నొక్కులు, మూడు రోజులకి సరిపోతుంది. ఆయాసంలో ఒకటి నొక్కి రెండు చుక్కలు పెట్టుంటావు, అలవాటైపోయి చేదు తెలియడం లేదు, అంతేలే అన్నారు. గొంతులో కోపం లేదు. తరుగు తీశారని అనుమానపడే ఆడవాళ్ళకి నచ్చజెప్పేటప్పుడు ఎంత నెమ్మదిగా మాట్లాడేవారో అంత నెమ్మదిగానే మాట్లాడారు.

అమ్మ ఆ ముల్లుని కాసేపు చూసింది. తర్వాత డబ్బీ తీసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం నాన్న నగ పోతపోయించడానికి పక్కవీధికి వెళ్ళారు. నేను ఒక్కదాన్నే బల్ల దగ్గర ఉన్నాను. అమ్మ మూకుడు దింపి, గోడ పట్టుకుని నా దగ్గరికి వచ్చి పీట మీద కూర్చుంది. మాట్లాడడానికి ముందు కాస్త ఆగాల్సి వచ్చింది.

"కొత్తది తియ్యవే" అంది. "నాన్నకి నేను చెబుతాలే."

నా చెయ్యి నడుము దగ్గర తాళంచెవి మీదకి వెళ్ళింది. ఈ మాట నన్ను నేను కాపాడుకోవడానికి చెప్పడం లేదు, నిజంగానే వెళ్ళింది. అక్కడి నుంచి ఇనప్పెట్టె నాలుగడుగులు. కానీ నా కళ్ళు గోడ మీదకి వెళ్ళాయి. నా దస్తూరీతో నేను రాసుకున్న అంకెలు. పొద్దున్నే తూచి కింద రాసిన మూడో అంకె.

"ఇంకా గ్రాము పైనే ఉందమ్మా, అది అవనీ" అన్నాను.

"నీకూ కనపడట్లేదా?"

ఏమిటన్నాను. అమ్మ మెడకింద వేలు పెట్టి చూపించింది. గాలి లాగినప్పుడల్లా గొంతు దగ్గర గుంట లోపలికి పోతోంది. కనపడింది. స్పష్టంగానే కనపడింది. కాసేపు పడుకో, మూకుడు నేను చూసుకుంటాలే అన్నాను. ఇంకా పదకొండు రాళ్ళు పొదగాలి, అవి కాగానే లేద్దామనుకున్నాను. అవి అయ్యేసరికి అమ్మే మళ్ళీ మూకుడు ముందు కూర్చుని ఉంది.

మూడో రోజు పెళ్ళివారికి హారం ఇవ్వాల్సిన రోజు. పెళ్ళికూతురి తండ్రి బడిలో హెడ్మాస్టారు, ఠీవి గల మనిషి, పెద్ద కారులో వచ్చారు. తూకం చూపించే ఘట్టం కాబట్టి తలుపు కూడా దగ్గరగా వేశాం. నాన్న హారాన్ని త్రాసులో పెట్టి, ముల్లు నిలిచేదాకా ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. హెడ్మాస్టారూ బిగబట్టారు. నేనూ బిగబట్టాను. మా ముగ్గురికీ బిగబట్టడానికి కావలసినంత ఊపిరి ఉంది.

అప్పుడు తలుపు తోసుకుని అమ్మ వచ్చింది. ముల్లు వణికింది. నాన్న చిరాగ్గా తలెత్తి, అమ్మ మొహం చూసి ఆగిపోయారు. పెదవులు బూడిద రంగులో ఉన్నాయి. భుజాలు చెవుల దాకా లేచి ఉన్నాయి. ఒక చేత్తో ద్వారబంధం పట్టుకుని రెండో చేత్తో ఇన్‌హేలర్ ముందుకి చాపింది.

"లేదు" అంది. ఆ ఊపిరికి అంతకంటే ఎక్కువ మాటలు రాలేదు.

నాన్న హారం తీసి పక్కన పెట్టి డబ్బీని త్రాసులో పెట్టారు. చేతులు గబగబా కదిలాయి. ఆయన కంగారుపడ్డారనే నా నమ్మకం. కంగారుపడ్డప్పుడు ఆయన చేసేది అదొక్కటే, తూచడం. ముల్లు నిలిచింది.

"పదకొండున్నర. అర గ్రాము ఉంది. ఆరు నొక్కులు వస్తాయి" అన్నారు. ఆ గొంతులో ఎంత నిశ్చింతో. "ఆరూ పీల్చు. తగ్గకపోతే అప్పుడు కొత్తది తీద్దాం."

హెడ్మాస్టారు ముచ్చటపడిపోయారు. భలేవారండీ మీరు, మా ఆవిడ బీపీ కూడా మీ త్రాసులోనే చూపించుకోవాలి అన్నారు. నాన్న సిగ్గుపడుతూ నవ్వారు. నేనూ నవ్వాను. అమ్మ ఆ డబ్బీని రెండు చేతులతో తీసుకుని లోపలికి వెళ్ళింది. లోపల్నుంచి బుస్సుమన్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. నేను లెక్కపెట్టాను. నాలుగే వచ్చాయి. నాన్న హారం మళ్ళీ త్రాసులో పెట్టారు. అది తూగడం పూర్తికాకముందే వంటింట్లో బిందె పడింది.

నాన్న అంత వేగంగా పరిగెత్తగలరని నాకు తెలియదు. నేను ఇనప్పెట్టె తెరిచి, దేన్నీ తూచకుండా, కొత్త డబ్బీ అట్ట చింపి పట్టుకెళ్ళాను. అమ్మ తల ఒళ్ళో పెట్టుకుని నొక్కాను. తెల్లటి పొగ అమ్మ నోట్లోకి వెళ్ళి అలాగే బయటికి వచ్చేసింది. లోపలికి లాగే శక్తి అప్పటికి అమ్మకి లేదు. మళ్ళీ నొక్కాను, మళ్ళీ అంతే. నాన్న నా చేతిలోంచి అమ్మని ఎత్తుకుని, చెప్పులు కూడా లేకుండా హెడ్మాస్టారి కారు దగ్గరికి పరిగెత్తారు. ఇల్లంతా తెరిచే ఉంది, హారం త్రాసులోనే ఉంది. ఆ రోజు మా ఇంట్లోకి గాలి బాగా వచ్చింది.

తొమ్మిది రోజులు ఆసుపత్రిలో. మొదటి మూడు రోజులూ మొహానికి మాస్కు, గాలిని లోపలికి తోసే మిషను. నాలుగో రోజు డాక్టరమ్మ మమ్మల్ని పక్కకి పిలిచి, మందు ఎందుకు ఆపారు అని అడిగింది. ఆపలేదండీ, రోజూ వాడింది, మేం తూచాం అన్నారు నాన్న. ఏం తూచారు అని ఆమె అడిగితే చెప్పారు. ఇరవై తొమ్మిది, పదకొండు, ఎనభై మిల్లీగ్రాములు. విన్నంతసేపూ ఆమె చేతిలో పెన్ను కదల్లేదు.

డబ్బీలో ఉండే బరువు చాలావరకూ మందుది కాదట. మందుని బయటికి తోసే వాయువుదట. రెండు వందల నొక్కులయ్యాక మందు వస్తే వస్తుంది, లేకపోతే లేదు, వాయువు మాత్రం వస్తూనే ఉంటుంది. బుస్సుమంటుంది, బరువూ తూగుతుంది, పీల్చినవాళ్ళకి ఒరిగేది మాత్రం ఏమీ లేదు. అందుకేగా లెక్కపెట్టమన్నాను, మీ ఆవిడకి అంత వివరంగా చెప్పాను కదా అంది.

నాన్న వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకున్నారు. ఆఖరికి, "ఆ వాయువు ఎంత బరువుంటుందండీ?" అన్నారు. డాక్టరమ్మ ఆయన్ని ఒక క్షణం చూసి, పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం అమ్మకి బట్టలు తేవడానికి నేను ఇంటికి వెళ్ళాను. వంటింటి తలుపు మూసి, వెనక చుక్కలు లెక్కపెట్టాను. వరుసకి పది, తప్పు లేదు, తడబాటు లేదు. రెండో డబ్బీకి రెండు వందల దగ్గర అడ్డంగా ఒక గీత. గీత కింద మరో పద్దెనిమిది చుక్కలు. ఆఖరి నాలుగూ పెట్టే ఓపిక ఉండి ఉండదు. పాత డబ్బీ గట్టు కింద దొరికింది. ఊపి, గాలి వదిలి, నోట్లో పెట్టుకుని నొక్కాను. చల్లగా ఏదో గొంతుకి తగిలి పోయింది. రుచీ లేదు పచీ లేదు. ఆసుపత్రి నుంచి తెచ్చిన సంచిలోంచి కొత్తది తీసి ఒకటి పీల్చాను. నాలిక వెనక చేదు పట్టుకుంది. నీళ్ళు తాగినా పోలేదు. పోకపోతే బాగుండుననిపించింది.

అమ్మని పంపించే రోజు డాక్టరమ్మ ఒక్కటే చెప్పింది, ఆ పొగలో ఈవిడ ఉండకూడదని. సీజను ఇంకో మూడు వారాలే, అయ్యాక మూకుడు పెరట్లోకి మార్చేస్తాను, కిటికీ కూడా పెట్టిస్తాను అన్నారు నాన్న. ఆయన నిజంగానే మార్పించేవారు. కాకపోతే సీజను అయ్యాక. అమ్మ పక్క ఊళ్ళో ఉన్న పిన్నికి కబురు పెట్టింది.

పిన్ని ఆసుపత్రి నుంచి అమ్మని కారులో ఎక్కించుకుని మా గుమ్మానికే వచ్చింది. అమ్మ ఇంట్లోకి వచ్చి నాలుగు చీరలు సంచిలో పెట్టుకుంది. ఇన్నేళ్ళ కాపురం ఆ సంచిలో ఇంకా సగం ఖాళీగానే ఉంది. నాన్న పనిగదిలో త్రాసు ముందు కూర్చుని ఉన్నారు, చేతిలో పనేమీ లేదు. పొమ్మనలేదు, వద్దనలేదు. అమ్మ సంచి చేత్తో పట్టుకుని ఆ గదిలోకి వెళ్ళింది. నేనూ పిన్నీ గుమ్మంలో నిలబడ్డాం.

ఆయన మొదలుపెట్టారు. త్రాసులో తప్పు లేదనీ, ఉన్న బరువునే అది చూపించిందనీ, ఆ జబ్బు ఎలాగూ ఆ రోజు అంత వచ్చేదేననీ, మందు కూడా అందులో బొత్తిగా లేకుండా పోయి ఉండదనీ. అమ్మ మధ్యలో అడ్డు రాలేదు. ఆయన చెప్పడం అయ్యాక బల్ల మీద ఉన్న పాత డబ్బీ తీసి ఆయన ముందు పెట్టింది. నేను తెచ్చి పెట్టిందే అది.

"మీరొకసారి పీల్చండి" అంది.

నాన్న తీసుకున్నారు. డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టే చేశారు. ఊపారు, గాలి వదిలారు, నొక్కుతూ లాగారు. బిగబట్టి పది అంకెలు లెక్కపెట్టడం కూడా ఆయన పెదవుల మీద కనిపించింది.

"చేదుందా?" అంది అమ్మ.

నాన్న అమ్మ వైపు చూడలేదు. గాజుపెట్టె వైపు చూశారు.

"కొంచెం ఉంది" అన్నారు.

మిల్లీగ్రాము అటూఇటూ చెప్పని మనిషి. ఆయన నోటివెంట తప్పుడు తూకం రావడం నేను వినడం అదే మొదటిసారి. అమ్మ సరేనన్నట్టు తల ఊపింది. ఎదుటి మనిషి అబద్ధమాడాడని ముందే తెలిసినవాళ్ళు ఊపినట్టే ఊపింది. తర్వాత నా దగ్గరికి వచ్చి చెయ్యి చాపింది. కొత్త డబ్బీ ఆ చేతిలో పెట్టాను. దాన్ని సంచిలో చీరల మధ్య సర్దుకుని, పిన్ని భుజం పట్టుకుని మెట్లు దిగింది. రెండు మెట్లకి ఒకసారి ఆగింది.

ఇది జరిగి నాలుగేళ్ళు. పనిగదికి ఇప్పుడు పెద్ద కిటికీ ఉంది, మూకుడు పెరట్లో ఉంది. మా త్రాసు అబద్ధమాడదని వీధి ఇప్పటికీ చెప్పుకుంటుంది. నేను ఆదివారాలు పిన్ని ఇంటికి వెళ్తాను. అమ్మ అక్కడ తలుపు వెనక చుక్కలు పెట్టుకుంటుంది. నాకు ఇష్టమైనవి వండి పెడుతుంది, వీధి కబుర్లన్నీ అడుగుతుంది. ఆ మూడు రోజుల గురించి ఒక్క మాట మాట్లాడదు.

ఆ రోజు కారు కదిలేదాకా నేను మెట్ల మీదే నిలబడ్డాను. అమ్మ తల తిప్పి, నువ్వు చెప్పవే, అందులో చేదుందా అని నన్ను అడుగుతుందనుకున్నాను. నేనూ పీల్చి చూశాను, లేదమ్మా అని చెప్పడానికి మాట నోటిదాకా తెచ్చుకుని ఉంచుకున్నాను. అమ్మ అడగలేదు. నన్ను ఒకసారి అడిగి చూసింది కదా.